ఫ్రీక్స్ అండ్ గీక్స్: 18 ఎపిసోడ్లకే ఆపేసిన స్కూల్ సీరియల్. ఇక్కడ ఎవరైనా చూశారా?

నోవై శ్రీధర్ | శనివారం, రాత్రి 10:12

ఇక్కడ మిషిగన్‌లో మా ఊరి లైబ్రరీలో పాత డీవీడీలు తీసేస్తూ చవగ్గా అమ్మకానికి పెట్టారు. అక్కడ దొరికింది ఈ పెట్టె. మా పాప ఈ ఏడాది తొమ్మిదో క్లాసు, అంటే ఇక్కడి లెక్కలో హైస్కూల్ మొదటి ఏడు. "నాన్నా, ఇదేదో మీ కాలం నాటిది" అని మొహం చిట్లించింది. ఒక్క ఎపిసోడ్ చూద్దాంలే అని కూర్చున్నాం. రాత్రి ఒంటిగంటకి మా ఆవిడ వచ్చి టీవీ కట్టేసింది.

తెలియనివాళ్ల కోసం: 1999 సెప్టెంబర్ 25న అమెరికాలో ఎన్‌బీసీ ఛానల్‌లో మొదలైంది. రాసి సృష్టించింది పాల్ ఫీగ్, నిర్మాత జడ్ ఆపటావ్. కథాకాలం 1980-81. డెట్రాయిట్ దగ్గర చిప్పెవా అనే కల్పిత ఊరు, అందులో విలియం మెకిన్లీ హైస్కూల్. లిండ్సే అనే అమ్మాయి లెక్కల పోటీల జట్టులో స్టార్. బామ్మ చనిపోయాక వాళ్ల నాన్న పాత ఆర్మీ జాకెట్ తొడుక్కుని, చదువులో ముందుండే స్నేహితుల్ని వదిలేసి, మెట్ల కింద సిగరెట్లు కాల్చే బ్యాచ్‌తో తిరగడం మొదలుపెడుతుంది. వాళ్లు ఫ్రీక్స్. ఆమె తమ్ముడు శామ్, వాడి ఇద్దరు స్నేహితులు నీల్, బిల్ గీక్స్. అంటే గేముల పీరియడ్‌లో ఏ జట్టూ పిలవని పిల్లలు.

పాల్ ఫీగ్ మా వైపు వాడే. మౌంట్ క్లెమెన్స్‌లో పెరిగాడు, చదివిన స్కూలు పేరు చిప్పెవా వ్యాలీ. మా ఇంటి నుంచి కార్లో గంటలోపే. మొన్న ఆ దారిన వెళ్తూ మా పాప "అదిగో బిల్ వాళ్ల స్కూల్" అంది. షూటింగ్ జరిగింది లాస్ ఏంజెలెస్‌లో అని చెప్పి దాని ఉత్సాహం మీద నీళ్లు చల్లలేదు.

ఇంత మంచి సీరియల్ ఒక్క సీజన్‌తో ఎందుకు పోయిందో ఎవరైనా చెప్పండి.

బెజవాడ బుల్లెట్ | శనివారం, రాత్రి 10:40

18 ఎపిసోడ్లా? మా అమ్మ చూసే సీరియల్లో 18 ఎపిసోడ్లకి కోడలు మెట్లు దిగడం కూడా అవ్వదు.

సీరియస్‌గా అడుగుతున్నా, ఇందులో కథేంటన్నా? చివరికి ఆ బక్క పిల్లలు ఏదైనా పోటీ గెలుస్తారా?

నోవై శ్రీధర్ | శనివారం, రాత్రి 10:51

గెలవరు బుల్లెట్. అదే గొడవ.

వీధి అరుగు | ఆదివారం, ఉదయం 6:15

ఎందుకు పోయిందో నేను చెప్తాను. అప్పట్లో న్యూజెర్సీలో ఉండేవాణ్ని, ఒక ఉద్యోగం, అద్దె గది, కేబుల్ లేదు, యాంటెన్నా టీవీ. అందువల్ల ఎన్‌బీసీ వచ్చేది.

మొదట వేసింది శనివారం రాత్రి 8 గంటలకి. హైస్కూల్ పిల్లల కథని హైస్కూల్ పిల్లలెవరూ ఇంట్లో ఉండని రాత్రి వేశారు. రెండు ఎపిసోడ్లు అయ్యాక బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ వచ్చింది, సీరియల్ నాలుగు వారాలు మాయం. మూడోది అక్టోబర్ 30న వేశారు. అప్పటికి అలాంటిదొకటి ఉందనే మర్చిపోయారు జనం. జనవరిలో సోమవారానికి మార్చారు. అక్కడ ఎదురుగా ఏబీసీ ఛానల్‌లో "హూ వాంట్స్ టు బి ఎ మిలియనీర్". ఇంక చెప్పేదేముంది. 2000 మార్చిలో ఆపేశారు. అప్పటికి తీసినవి 18, వేసినవి 12.

అభిమానులు గోల చేస్తే జులై 8న మూడు ఎపిసోడ్లు ఒకే రాత్రి గుమ్మరించేశారు. మిగిలిన మూడూ శరదృతువులో ఫాక్స్ ఫ్యామిలీ అనే వేరే ఛానల్‌లో వచ్చాయి. దాని నాలుగో ఎపిసోడ్‌ని ఎన్‌బీసీ అసలు వేయనే లేదు.

ఇక్కడో తమాషా ఉంది. దీని కొంప ముంచిన ఆ క్విజ్ షోనే మన దేశానికి "కౌన్ బనేగా కరోడ్‌పతి"గా వచ్చింది, 2000 జులై 3న. అమెరికాలో ఈ సీరియల్ చివరి మూడు ఎపిసోడ్లు ఊడ్చేసిన వారమే, ఇక్కడ మనవాళ్లంతా అమితాబ్ "లాక్ కియా జాయే" కోసం టీవీల ముందు కూర్చున్నారు. మా నాన్నగారు ఫోన్‌లో దాని గురించే చెప్పారు, నేను దీని గురించి చెప్పబోయి ఊరుకున్నాను.

కరీంనగర్ పోరడు | ఆదివారం, ఉదయం 9:30

నేను కాలేజీల ఉన్నప్పుడు ట్రై చేసిన. సేత్ రోజెన్, జేమ్స్ ఫ్రాంకో ఇద్దరూ ఉన్నరని విని నవ్వులాట ఉంటదనుకున్న. రెండు ఎపిసోడ్లు చూసి వదిలేసిన. చాలా స్లో అన్నా. నవ్వు వచ్చేటప్పటికి ఎవడో ఒకడు బాధపడతాడు. అది కామెడీనా, ఏడుపా?

పద్మజ టీచర్ | ఆదివారం, ఉదయం 11:05

రెండూ తమ్ముడూ. అది నీ తప్పు కాదు, ఆ ఛానల్ వాళ్లకీ ఇదే డౌటు వచ్చింది.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. మా అబ్బాయి లాప్‌టాప్‌లో పెట్టి ఇస్తే చూశాను. "టెస్ట్స్ అండ్ బ్రెస్ట్స్" అని ఒక ఎపిసోడ్ ఉంది, పేరు చూసి దాటేయబోయాను. అందులో డేనియల్ అనే వెనక బెంచీ కుర్రాడు లెక్కల పరీక్షకి లిండ్సేని సాయం అడుగుతాడు. సాయం అంటే కాపీ. ఆమె తటపటాయిస్తుంటే తన గోడు చెప్పుకుంటాడు. పదకొండేళ్లప్పుడు టీచర్లు పిల్లల్ని మూడు ట్రాకులుగా విడగొట్టారట. తెలివైనవాళ్లు ఒకటి, మామూలువాళ్లు రెండు, మొద్దులు మూడు. తనని మూడులో పడేశారు. ఆ రోజు నుంచి తను మొద్దే అని నమ్మేశానంటాడు.

ఆ మాట విని నేను ప్లేయర్ ఆపేశాను. ఇరవై ఏళ్ల కింద ఒక ప్రైవేటు కాలేజీలో రెండేళ్లు చెప్పాను. అక్కడ ప్రతి నెలా పరీక్ష, ప్రతి నెలా సెక్షన్లు మార్పు. పైనున్న సెక్షన్‌కి మంచి లెక్చరర్, ఫ్యాను గది. అడుగు సెక్షన్‌కి నేను, అంటే కొత్తగా చేరినదాన్ని, మేడ మీద రేకుల గది. జూన్‌లో పై సెక్షన్‌లో ఉన్న ఒక అమ్మాయి సెప్టెంబర్‌కి నా గదికి వచ్చింది. బ్యాగు బల్ల మీద పెట్టలేదు, ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వారం పాటు అలాగే కూర్చుంది, ఎప్పుడైనా పైకి పిలుస్తారేమో అని.

అయితే సీరియల్ అక్కడ ఆగదు. చివర్లో స్కూల్లో పంచాయితీ లాంటిది పెడితే డేనియల్ మళ్లీ అదే గోడు మొదలుపెడతాడు. అదే గొంతు, మధ్యలో అక్కడక్కడే ఆగడం, పదకొండేళ్లప్పుడు నన్ను మూడో ట్రాకులో... పక్కన కూర్చున్న లిండ్సేకి విషయం అర్థమై నవ్వు ఆపుకోలేకపోతుంది. పిల్లవాడు అబద్ధం చెప్పలేదు. నిజాన్నే పదిసార్లు వాడుకున్నాడు. ముప్ఫై ఏళ్లుగా పిల్లల్తో ఉన్నదాన్ని, ఇంత కచ్చితంగా పట్టుకున్న రచన వేరే చూడలేదు.

బెజవాడ బుల్లెట్ | ఆదివారం, ఉదయం 11:20

టీచరు గారూ, ఇది చదివాక నా ఇంటర్ సెక్షన్ గుర్తొచ్చింది. ఏ సెక్షనో చెప్పను.

పద్మజ టీచర్ | ఆదివారం, ఉదయం 11:24

చెప్పక్కర్లేదు నాయనా, నీ పోస్టులు చదువుతూనే ఉన్నాగా.

డ్రమ్మర్ వంశీ | ఆదివారం, మధ్యాహ్నం 2:48

అసలు ఫ్రీక్స్ బ్యాచ్‌లో నిక్ గురించి ఎవరూ మాట్లాడరేంటి?

జేసన్ సీగెల్ వేశాడు ఆ పాత్ర. గ్యారేజీలో 29 పీసుల డ్రమ్ కిట్, ఊళ్లో తనంతటి డ్రమ్మర్ లేడని నమ్మకం. మార్కులు తగ్గితే మిలిటరీలో చేర్పిస్తానని తండ్రి బెదిరింపు. లిండ్సే ప్రోత్సహిస్తే ఒక నిజం బ్యాండు ఆడిషన్‌కి వెళ్తాడు. ఆ సీను నేను రెండోసారి చూడలేను. వాడికి డ్రమ్స్ రావని కాదు, గదిలో ఒక్కడే రికార్డు మీద వాయించడం వచ్చు, మనుషులతో కలిసి వాయించడం రాదు. పాట మధ్యలో వాళ్లు ఎక్కడున్నారో వాడికి అందదు. బ్యాండు వాళ్లు తిట్టరు కూడా. మర్యాదగా థాంక్స్ చెప్పి పంపేస్తారు. ఆ మర్యాదే చంపుతుంది.

పందొమ్మిదేళ్లప్పుడు నేను ఒక ఆర్కెస్ట్రా వాళ్ల దగ్గరికి వెళ్లాను. పెళ్లిళ్లకి వాయించే బృందం. మూడు పాటలు అయ్యాక పెద్దాయన టీ తెప్పించాడు. టీ తాగాం. "మళ్లీ కబురు చేస్తాం బాబూ" అన్నాడు. టీ తెప్పించినప్పుడే తెలిసిపోయింది.

ఇంకో ఎపిసోడ్‌లో నిక్ తండ్రి ఆ డ్రమ్ కిట్ అమ్మేస్తాడు. వాడు అలిగి లిండ్సే వాళ్లింటికి వచ్చి ఉంటాడు. అప్పటిదాకా పిల్లల్ని అదిలించడమే పనిగా ఉన్న లిండ్సే నాన్న వాడికి జీన్ క్రూపా అనే పాతకాలపు డ్రమ్మర్ జాజ్ రికార్డు పెట్టి వినిపిస్తాడు, మీ హీరోలందరూ ఇతని ముందు ఎంత అన్నట్టు. ఒక్క ముక్క ఓదార్పు లేదు, సలహా లేదు. ఇద్దరూ రికార్డు వింటారు. నాకు ఈ సీరియల్లో అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే.

నోవై శ్రీధర్ | ఆదివారం, సాయంత్రం 4:02

ఆ నాన్న హెరాల్డ్ వేసింది జో ఫ్లాహర్టీ. 2024లో పోయారు.

ఆయన భోజనాల బల్ల దగ్గర చెప్పే కథలన్నీ ఒకటే తీరు. పిల్లలు ఏం చేస్తామన్నా, నాకు తెలిసినవాడొకడు ఇలాగే చేశాడు, వాడేమయ్యాడో తెలుసా? పోయాడు! మొదటిసారి విన్నప్పుడు మా ఆవిడా నేనూ ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. మా మామగారు కూడా సరిగ్గా ఇంతే. బైకు, ఈత, రాత్రిపూట పెరుగు, ప్రతిదానికీ ఆయన దగ్గర పోయినవాడొకడు ఉంటాడు.

డల్లాస్ లక్ష్మి | ఆదివారం, రాత్రి 8:30

ఇప్పటిదాకా బిల్ సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి ఆ పని నాది. కథ కొంత చెప్పేస్తాను, చూడనివాళ్లు ఈ పోస్టు దాటేయండి.

బిల్ అంటే మార్టిన్ స్టార్. పొడుగ్గా, పెద్ద కళ్లద్దాలు, నోరు కొంచెం తెరుచుకునే ఉంటుంది. ఎపిసోడ్ "డెడ్ డాగ్స్ అండ్ జిమ్ టీచర్స్". వాడు స్కూలు నుంచి వస్తాడు, తాళం తీసుకుని లోపలికి వెళ్తాడు. ఇంట్లో ఎవరూ లేరు. బ్రెడ్డు మధ్య చీజ్ పెట్టి కాల్చుకుంటాడు, చాక్లెట్ కేకు ముక్క ఒకటి కోసుకుంటాడు, టీవీ ముందు సర్దుకుని కూర్చుంటాడు. టీవీలో గ్యారీ షాండ్లింగ్ జోకులు చెప్తున్నాడు. వీడు నవ్వడం మొదలుపెడతాడు. నోట్లో తిండి ఉండగానే, ఒళ్లు ఊగిపోయేలా నవ్వుతాడు. వెనక "ది హూ" వాళ్ల పాట. మాటల్లేవు. అంతే సీను.

స్కూల్లో వాణ్ని అందరూ ఏడిపిస్తారు. ఎవడో ఒకడు వేధింపు కోసమే వాడి శాండ్‌విచ్‌లో వేరుశెనగ పప్పు పెడితే, అది పడక ఆస్పత్రి పాలవుతాడు. వాణ్ని చూసి మనకి జాలి వేయాలి కదా. ఆ సీను చూశాక వేయదు. వాడికి వాడి ఇల్లుంది, వాడి టీవీ ఉంది, వాడి గంట ఉంది.

మా అమ్మ బ్యాంకులో పనిచేసేది, విజయవాడలో. నాన్న లేరు. తాళం ఎదురింటి మామ్మగారి దగ్గర ఉండేది. నాలుగున్నరకి వచ్చేదాన్ని. పొద్దుటి అన్నంలో ఆవకాయ, దాని మీద నూనె వేసుకుని, కంచం ఒళ్లో పెట్టుకుని టీవీ ముందు కూర్చునేదాన్ని. కంచం టీవీ గదిలోకి తేకూడదని అమ్మ రూలు. ఆరింటికి అమ్మ వచ్చేసరికి కంచం కడిగేసి, నేల మీద నూనె మరక తుడిచేసి, పుస్తకం పట్టుకుని ఉండాలి. అందరూ "అయ్యో, పిల్ల ఒక్కతే ఉంటుంది పాపం" అనేవాళ్లు. నాకు మాత్రం రోజు మొత్తంలో అంతకన్నా హాయైన టైము లేదు. ఈ సంగతి ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు, చెప్తే ఎవరికీ అర్థం కాదని. మిషిగన్ కుర్రాడి కథ రాసినవాళ్లకి ఎలా తెలిసిందో మరి.

ఆ ఎపిసోడ్‌లోనే తేలేదేమిటంటే, బిల్ వాళ్లమ్మ వాడి పీటీ మాస్టారితో తిరుగుతోంది. స్కూల్లో వాడికి నరకం అనిపించే ఒకే ఒక్క పీరియడ్, ఇంట్లో సోఫా మీదకి వచ్చి కూర్చోబోతోంది. ఆ గంట పోతుందని వాడి భయం. ఈ ఎపిసోడ్‌నీ ఎన్‌బీసీ వేయలేదు, ఆ తర్వాత ఫాక్స్ ఫ్యామిలీ వేసిన మూడింట్లో ఇదొకటి.

కరీంనగర్ పోరడు | ఆదివారం, రాత్రి 9:10

అక్కా, ఈ ఒక్క ఎపిసోడ్ చూస్త. ఇగ మాట.

అరవింద్ వైజాగ్ | సోమవారం, ఉదయం 8:05

అందరూ పొగుడుతున్నారు కాబట్టి కొంచెం అడ్డం తిరుగుతాను. ఆపేయడమే దీనికి మేలు చేసింది. రెండో సీజన్ వచ్చి ఉంటే ఛానల్ వాళ్లు ఊరుకునేవాళ్లు కాదు. నిక్‌కి బ్యాండు దొరికేది, శామ్ పొడుగయ్యేవాడు, లిండ్సే డేనియల్ ప్రేమలో పడేది. ఇప్పుడు మనం ఇంత ఆప్యాయంగా మాట్లాడుకుంటున్నామంటే 18 దగ్గర ఆగింది కాబట్టే. చిన్నప్పుడు పోయినవాళ్ల ఫొటోలో వయసు పెరగదు కదా.

డల్లాస్ లక్ష్మి | సోమవారం, ఉదయం 8:40

ఈ మాట నాకు నచ్చదు అరవింద్ గారూ. పోయింది కాబట్టి అందంగా ఉందనడం, పోగొట్టినవాళ్లకి చేసే సాయం. నీల్ కథ ఏమైంది? వాళ్ల నాన్న వేరే ఆవిడతో తిరుగుతున్నాడని తెలుస్తుంది. కార్లో తమ ఇంటిది కాని గ్యారేజీ రిమోట్ ఒకటి దొరుకుతుంది. స్నేహితులు ముగ్గురూ సైకిళ్లేసుకుని వీధి వీధీ తిరుగుతూ, కనబడిన ప్రతి ఇంటి ముందూ ఆ బటన్ నొక్కుతారు, ఏ తలుపు తెరుచుకుంటుందోనని. ఎప్పుడూ జోకులేసే పిల్లాడు. చివరికి ఒక తలుపు తెరుచుకుంటుంది, లోపల నాన్న కారు. ఆ తర్వాత వాడి ఇల్లు ఏమవుతుందో చూపించడానికి ఒకే ఒక్క ఎపిసోడ్ మిగిలింది. ఇంకో ఏడాది ఉండాల్సిన కథ అది.

వీధి అరుగు | సోమవారం, ఉదయం 10:20

అరవింద్ అన్నదాంట్లో ఒక ముక్క నిజం ఉంది. పిల్లలకి ఇంకొన్ని విజయాలు ఇవ్వండి అని ఛానల్ పెద్దలు అడుగుతూనే వచ్చారని తీసినవాళ్లే తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పారు. వాళ్లు ఇవ్వలేదని కాదు. ఇచ్చారు, వాళ్ల పద్ధతిలో ఇచ్చారు.

బిల్‌దే చూడండి. ఎప్పుడూ బేస్‌బాల్‌లో అందరికన్నా చివర పిలుస్తారని విసిగి, మాస్టారింటికి దొంగ ఫోన్లు చేసి తిడతాడు. చివరికి వాడికి మైదానం మధ్యలో నిలబడే ఛాన్సు వస్తుంది. బంతి పైకి లేస్తుంది. పట్టేస్తాడు! జట్టంతా వాణ్ని చుట్టేసి ఎగురుతారు. ఇక్కడ కిటుకు ఏంటంటే ఆట ఇంకా అయిపోలేదు, పట్టుకున్నది ఒక్క క్యాచ్. వీళ్లు పండగ చేసుకుంటుంటే అవతలి జట్టు హాయిగా పరిగెత్తి పరుగులు తీసుకుంటోంది. గల్లీ క్రికెట్ ఆడినవాడెవడికైనా ఆ ఫీలింగ్ తెలుసు. మ్యాచ్ పోయినా పర్లేదు, వాడు పట్టాడ్రా!

ఇలాంటి విజయం ఛానల్ వాళ్ల లెక్కలోకి రాదు.

నోవై శ్రీధర్ | సోమవారం, మధ్యాహ్నం 12:15

మొదటి ఎపిసోడ్ కూడా అంతే కదండీ. శామ్‌కి సిండీ అంటే ప్రాణం, ఆ చీర్‌లీడర్ పిల్ల. స్కూలు డాన్సులో ఒక్క పాటకి తనతో ఆడమని అడగడానికి ఎపిసోడ్ మొత్తం పడుతుంది. చివరికి అడుగుతాడు, ఆమె సరే అంటుంది. స్టిక్స్ వాళ్ల "కమ్ సెయిల్ అవే" నెమ్మదిగా మొదలైంది, దగ్గరగా నిలబడి ఆడే పాట. వీళ్లిద్దరూ ఫ్లోరు మీదకి నడిచి వెళ్లేసరికి ఆ పాటలో నెమ్మది భాగం అయిపోతుంది, గిటార్లు అందుకుంటాయి, అందరూ గెంతడం మొదలు. శామ్ మొహం ఒక్క క్షణం వేలాడిపోతుంది. తర్వాత వాడూ గెంతుతాడు. నవ్వుతూ.

మా పాప ఇక్కడ సోఫా మీద నుంచి లేచి అరిచింది, "పాట ముందే తెలుసుకోవాలి కదా వాడు!"

బెజవాడ బుల్లెట్ | సోమవారం, మధ్యాహ్నం 12:31

పాట స్పీడు పెరిగిందని ఇంత బాధా? మా ఫేర్‌వెల్ పార్టీకి కరెంటే పోయింది.

అరవింద్ వైజాగ్ | సోమవారం, మధ్యాహ్నం 12:50

అదే సిండీతో తర్వాత శామ్ నిజంగానే జంట కడతాడు, గుర్తుందా? అప్పుడు తెలుస్తుంది వాడికి, ఆ పిల్లతో మాట్లాడటానికి ఏమీ లేదని. తను పడిపడి నవ్విన సినిమాకి ఆమె ఒక్కసారి కూడా నవ్వదు. విడిపోదామని వాడే చెప్తాడు. ఎదురుచూసిన అమ్మాయి దొరకడం కూడా ఈ సీరియల్లో ఓటమే. లక్ష్మి గారూ, గ్యారేజీ తలుపు సంగతి మాత్రం ఒప్పుకుంటున్నాను. దానికి జవాబు లేదు నా దగ్గర.

పద్మజ టీచర్ | సోమవారం, రాత్రి 7:45

వేయని నాలుగో ఎపిసోడ్ అన్నారు కదా వీధి అరుగు గారు, "కిమ్ కెల్లీ ఈజ్ మై ఫ్రెండ్". బిజీ ఫిలిప్స్ వేసిన కిమ్ స్కూల్లో అందరి మీదా అరుస్తుంది, మనకి మొదటినుంచీ పడదు. ఒకరోజు లిండ్సేని ఇంటికి భోజనానికి రమ్మంటుంది. తనకీ బుద్ధిమంతురాలైన స్నేహితురాలు ఉందని అమ్మకి చూపించుకోవడానికి. ఆ ఇల్లు చూడాలి మీరు. సగం కట్టి వదిలేసిన గోడలకి ప్లాస్టిక్ పట్టాలు. భోజనం దగ్గరే తిట్లు, కేకలు. ఐదు నిమిషాల్లో ఆ అమ్మాయి ఎందుకలా ఉంటుందో ఒక్క మాట చెప్పకుండా అర్థమైపోతుంది.

మా క్లాసులోనూ ఒక కిమ్ ఉంటుంది ప్రతి ఏడూ. ఇంటికి వెళ్లి చూసేదాకా మనకి నోటి దురుసే కనిపిస్తుంది. ఒకసారి ఒక పిల్ల ఇంటికి వెళ్లాను, హాజరు లేదని. తలుపు లేదు, గోనె పట్టా. ఆ పిల్ల నన్ను చూసి "ఇక్కడికెందుకొచ్చారు టీచర్" అంది, తిట్టినట్టే. మర్నాడు మాత్రం బడికి వచ్చింది.

దాన్ని వేయకపోవడం అన్యాయం అండీ. తర్వాతి ఎపిసోడ్లలో కిమ్, లిండ్సే హఠాత్తుగా స్నేహితులైపోయి కనిపిస్తే అప్పటి ప్రేక్షకులకి ఏమర్థమై ఉంటుంది?

వీధి అరుగు | సోమవారం, రాత్రి 9:00

ఏమీ అర్థం కాలేదు మేడం, నేనే సాక్షి. నా ఇంగ్లీషు తక్కువేమో అనుకున్నాను.

డ్రమ్మర్ వంశీ | మంగళవారం, ఉదయం 7:30

ఒక టెక్నికల్ విషయం. ఇది డీవీడీగా రావడానికి 2004 దాకా ఎందుకు పట్టిందో తెలుసా? పాటలు. మొదట్లో వచ్చే జోన్ జెట్ "బ్యాడ్ రెప్యుటేషన్" దగ్గర్నుంచి ది హూ, వాన్ హేలెన్, స్టిక్స్, గ్రేట్‌ఫుల్ డెడ్ దాకా అన్నీ ఒరిజినల్ రికార్డులే. వాటి హక్కులు మళ్లీ కొనాలంటే బోలెడు ఖర్చు. చాలా పాత సీరియళ్లకి ఇలాంటప్పుడు పాటలు తీసేసి ఏదో చౌక సంగీతం అతికిస్తారు. వీళ్లు అలా ఒప్పుకోలేదు. షౌట్ ఫ్యాక్టరీ అనే కంపెనీ అన్ని పాటల హక్కులూ కొని వేసింది. 2021లో హులూ అనే స్ట్రీమింగ్ యాప్‌లోకి వచ్చినప్పుడు కూడా అవే పాటలతో వచ్చింది.

బిల్ సీను కింద వేరే పాట ఊహించుకోండి. కుదరదు.

కరీంనగర్ పోరడు | మంగళవారం, రాత్రి 11:50

లక్ష్మి అక్కా, ఆ ఎపిసోడ్ చూసిన. చూసి ఊకుంటనా, మొదటి నుంచి పెట్టిన. ఇప్పుడు పదోది నడుస్తుంది. రేపు ఆఫీసుల స్టాండప్ మీటింగ్ ఉంది, ఏమైతదో ఏమో.

స్లో అన్న మాట వాపస్ తీసుకుంటున్న. వీళ్లంతా తర్వాత ఇంత పెద్దోళ్లయిండ్రు, ఒక్కరు కూడా అప్పుడు స్టార్ లెక్క కనబడరు. సేత్ రోజెన్ అయితే సగం ఎపిసోడ్లల్ల వెనుక నిలబడి ఒక్క డైలాగ్ కొట్టి పోతడు.

అరవింద్ వైజాగ్ | బుధవారం, ఉదయం 8:15

2000లో దీనికి వచ్చిన ఎమ్మీ, అంటే అమెరికన్ టీవీ అవార్డు, అది కూడా నటుల ఎంపికకే. జనం చూడలేదు గానీ ఎంపిక చేసినవాళ్ల కన్ను మాత్రం తప్పలేదు.

ఇంకొకటి. చివరి ఎపిసోడ్‌లో గీక్స్ పిల్లలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అని, బల్ల చుట్టూ కూర్చుని తలో ఊహా పాత్ర తీసుకుని ఆడే ఆట ఆడుతుంటారు, శిక్షగా వాళ్ల క్లబ్బుకి వచ్చిన డేనియల్ కూడా కూర్చుంటాడు. కార్లోస్ అనే మరుగుజ్జు పాత్ర తీసుకుని, ట్రాక్ మూడు పిల్లాడు ఆ రాత్రికి ఆటలో హీరో. ఆ బల్ల దగ్గరున్న శామ్, అంటే జాన్ ఫ్రాన్సిస్ డేలీ, పెద్దయ్యాక 2023లో అదే ఆట మీద వచ్చిన హాలీవుడ్ సినిమాకి ఇద్దరు దర్శకుల్లో ఒకడు. ఇలాంటివి సినిమాలో పెడితే నమ్మం.

నోవై శ్రీధర్ | బుధవారం, రాత్రి 9:20

నిన్న రాత్రి పూర్తి చేశాం. చివరిది ఫీగే రాసి, తనే డైరెక్ట్ చేశాడు. ఆపేస్తారని వాసన తగిలి, మిగతావి తీయకముందే ముగింపు తీసి పెట్టుకున్నారట. లిండ్సేకి యూనివర్సిటీ ఆఫ్ మిషిగన్‌లో వేసవి చదువుకి పిలుపు వస్తుంది. ఇంట్లో అందరూ వచ్చి బస్సెక్కిస్తారు. అమ్మ ఏడుపు, నాన్న జాగ్రత్తలు. ఆమె కొంత దూరం పోయి దిగిపోతుంది. కిమ్ వ్యాన్ దగ్గర కాచుకుని ఉంటుంది. ఇద్దరూ గ్రేట్‌ఫుల్ డెడ్ కచేరీల వెంట వెళ్లిపోతారు. అయిపోయింది.

మా పాప చాలాసేపు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు, ఎందుకంటే వచ్చే వేసవిలో దాన్నీ ఆ యూనివర్సిటీ క్యాంపుకే పంపాలని ఫారాలు నింపుతున్నాం. చివరికి అడిగింది, "వాళ్లమ్మకి ఎప్పుడు తెలుస్తుంది నాన్నా?"

ఏం చెప్పను? తెలిసే ఎపిసోడ్ తీయలేదు.

బెజవాడ బుల్లెట్ | శనివారం, రాత్రి 1:37

సరే, నేనూ చూశా. మొత్తం. ఎవరికీ చెప్పకండి.

ఒక్క డౌటు. ఆ గ్యారేజీ తలుపు నీల్ మళ్లీ మూసేశాడా? నాకు గుర్తు లేదు. ఆ ఎపిసోడ్ మళ్లీ పెడుతున్నా.